మన చేతి పళ్ల ఐసు

వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, పళ్ల ఐసు గురించి రాస్తామన్నాం. అవతల నవ్వులు వినిపించాయి. "అన్నా, చదువు గురించో, అంబేద్కర్ గారి గురించో, గ్రూప్స్‌కి ఎలా చదవాలో రాయొచ్చు కదా" అన్నాడు ఒక తమ్ముడు. అవన్నీ రాయాల్సినవే. రాసేవాళ్లు మన సంచికలో ప్రతి ఏడాదీ ఉంటారు. కానీ రూపాయి ఐసు పుల్లలో కూడా మన చదువు ఉంది, మన ఆరోగ్యం ఉంది, అంబేద్కర్ గారు అడిగిన ప్రశ్న కూడా ఉంది. అది చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఎండాకాలం వచ్చిందంటే మన పిల్లలు ఐసు తింటారు. వద్దంటే మానరు. అందుకని వద్దని కేకలేస్తూ కూర్చోవడం వల్ల ఉపయోగం లేదు. మంచి నీళ్లతో, మంచి పళ్లతో ఐసు చేయడం మనమే నేర్చుకోవాలి. హాస్టల్లో చేసుకోవాలి. సెలవుల్లో ఇంటికి వెళ్లి అమ్మకు, చెల్లికి, పక్కింటి పిల్లలకు నేర్పాలి. దీనికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు.

ఐసు పెట్టె మోసినవాడి పిల్లలం

మాది నూజివీడు పక్కన ఒక చిన్న ఊరు. చుట్టూ మామిడి తోటలు. తోటలు మావి కావు. కాయ కోత రోజుల్లో మా అమ్మ తోట పనికి వెళ్లేది. మా నాన్న శివరాత్రి దాటి ఎండ ముదరగానే సైకిలు వెనక ఐసు పెట్టె కట్టేవాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పది కిలోమీటర్లు తొక్కి టౌన్లో ఐసు ఫ్యాక్టరీకి వెళ్లేవాడు. అప్పటికే గేటు ముందు సైకిళ్లు వరసగా నిలబడి ఉండేవి. లోపలికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. కిటికీలోంచి పుల్లలు లెక్కపెట్టి ఇచ్చేవారు. రంగు ఐసు రూపాయి, పాల ఐసు రెండు రూపాయలు. అమ్మినదాంట్లో కొంత నాన్నకు మిగిలేది. కరిగిపోయినవాటి నష్టం మాత్రం పూర్తిగా నాన్నదే.

సాయంత్రం పెట్టె అడుగున సగం కరిగి మిగిలినవి మాకు దక్కేవి. నాలుక ఎర్రగా, పచ్చగా మారేది. ఒకరికొకరం నాలుక చాపి చూపించుకునేవాళ్లం. ద్రాక్ష ఐసు అని, మామిడి ఐసు అని పేర్లు చెప్పుకుని తినేవాళ్లం. దాంట్లో ద్రాక్షా లేదు, మామిడీ లేదు. నీళ్లు, రంగు, వాసన, తీపి బిళ్ల. ఆ తీపి బిళ్లనే శాక్రిన్ అంటారు. పంచదార కంటే సుమారు 300 రెట్లు తియ్యగా ఉంటుంది కాబట్టి చిటికెడుతో డ్రమ్ము నీళ్లు తియ్యబడతాయి.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. గాలివాన వచ్చిన రాత్రి మా ఊరి తోటల్లో రాలిన కాయలు బుట్టలు బుట్టలుగా అడ్డికి పావుసేరు అమ్మేవారు. చిన్న రసాలు మగ్గి, మచ్చలు పడి, ఈగలు ముసిరి పారబోసే రోజులు కూడా ఉండేవి. అంత మామిడి మధ్య పుట్టి, మామిడి లేని మామిడి ఐసు డబ్బిచ్చి కొనుక్కుని తిన్నాం. పండు మన దగ్గరే ఉంది, నీళ్లు మన దగ్గరే ఉన్నాయి. చేసే విద్య మాత్రం కిటికీ అవతల ఉండిపోయింది.

ఆ వేసవి

2012 వేసవి. మేము ఐదో తరగతి పూర్తి చేసిన ఏడాది. ఒక మధ్యాహ్నం ఊళ్లో పిల్లలకు వరసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లో నలుగురు, మా పేటలో ముగ్గురు. ఆరెంపీ డాక్టరు ఇంటింటికీ తిరిగి సెలైన్ పెట్టాడు. ఇద్దరిని ఆటోలో టౌను ఆసుపత్రికి తీసుకెళ్లారు. దేవుడి దయవల్ల అందరూ బతికారు.

సాయంత్రానికి పదిమంది మా ఇంటి మీదికి వచ్చారు. "వాడి చేతి ఐసు తినే పిల్లలు ఇలా అయ్యారు" అన్నారు. ఆ మాటలో 'ఐసు' కంటే 'వాడి చేతి' అనేది గట్టిగా వినిపించింది. పేటవాడు శుభ్రంగా ఉండడని ఒకాయన అన్నాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెల్లారగట్ల స్నానం చేసి, ఉతికిన గుడ్డ పెట్టె మీద కప్పుకుని బయలుదేరే మనిషి ఆయన. ఆ సంగతి చెప్పబోయి ఆగిపోయాడు. ఐసు చేసిన ఫ్యాక్టరీ ఏ నీళ్లు వాడిందని ఆ పదిమందిలో ఒక్కరూ అడగలేదు. అడగాలని మాకూ తెలియదు.

నిజానికి ఆ రోజు రోగం ఐసు వల్లే వచ్చిందని రుజువు కాలేదు. ఐసు వల్ల కాదని కూడా రుజువు కాలేదు. ఎవరూ నీళ్లు పరీక్షించలేదు. కానీ తీర్పు మాత్రం అయిపోయింది. నాన్న మర్నాడు పెట్టె విప్పి చూరు కింద పెట్టాడు. మళ్లీ కట్టలేదు. తాపీ మేస్త్రి దగ్గర కూలికి వెళ్లాడు. ఆ జూన్‌లోనే మేము ఆరో తరగతికి ఈ హాస్టల్లో చేరాం.

ల్యాబులో తెలిసిన సంగతి

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాం. మొదటి సెమిస్టరులో ఒక రోజు మేడమ్ గారు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు తెరిచి, వేలి పొడవున్న చిన్న గొట్టం ఒకటి తీసిచ్చారు. అందులో గ్లిజరాల్‌తో కలిపి గడ్డకట్టించిన బాక్టీరియా ఉంది. చాలా నెలలుగా అక్కడే ఉందట. దాన్ని కొంచెం గీకి పోషక ద్రవంలో వేసి వెచ్చగా ఉంచాం. మర్నాటికి ద్రవమంతా మబ్బు పట్టినట్టు అయింది. బాక్టీరియా లేచి కూర్చుంది.

చల్లదనం సూక్ష్మజీవులన్నిటినీ చంపదు. చాలావాటిని నిద్రపుచ్చుతుంది, అంతే. మేము ల్యాబులో బాక్టీరియాను దాచుకోవడానికి వాడే పద్ధతే గడ్డకట్టించడం. మురికి నీళ్లతో ఐసు చేస్తే, ఆ ఐసు కరిగి పిల్లాడి కడుపులోకి వెళ్లాక నిద్ర లేచేది అదే. టైఫాయిడ్, కలరా, కామెర్లలో ఒక రకమైన హెపటైటిస్-ఎ, ఇవన్నీ నీళ్ల ద్వారా వచ్చేవే. ఐసు అంటే గట్టిపడిన నీళ్లే కదా!

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాం. చెప్పిందంతా విన్నాడు. కాసేపు మాట్లాడలేదు. "అయితే ఆ రోజు చెయ్యి గురించి కాదురా, నీళ్ల గురించి అడగాల్సింది" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాం అనుకోండి.

1927లో అంబేద్కర్ గారు మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. నీళ్లు అందరివీ అని చెప్పడానికి తాగారు. ఆ నీళ్లు ఎలాంటివి, ఎవరు నింపారు, ఎవరు పరీక్షించారు అని అడగడం కూడా ఆ హక్కులో భాగమేనని మా నమ్మకం. అడగాలంటే ముందు తెలియాలి. తెలియాలంటే మన చేతితో ఒకసారి చేసి చూడాలి.

ఐసు ఎవరిది?

ఐసు మన దేశానికి వచ్చిన కథ కూడా వినదగ్గదే. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి బోస్టన్ నుంచి 'టస్కనీ' అనే ఓడలో చెరువుల్లో కోసిన ఐసు దిమ్మలు కలకత్తాకు పంపాడు. 180 టన్నులు ఎక్కిస్తే నాలుగు నెలల సముద్ర ప్రయాణం తర్వాత సుమారు 100 టన్నులు మిగిలింది. మద్రాసులో 1842లో ఆ ఐసు దాచడానికి సముద్రం ఒడ్డున ఒక భవనమే కట్టారు. దాన్నే ఐస్ హౌస్ అనేవారు. స్వామి వివేకానంద 1897లో అక్కడ బస చేశారు. ఇప్పుడది ఆయన పేరుతో ఉంది. కోస్తా జిల్లాలూ, రాయలసీమా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ ఐసు ఎక్కువగా దొరల బల్లల మీదికి, డబ్బున్నవాళ్ల గ్లాసుల్లోకి వెళ్లింది. ఓడ నుంచి దించి మోసినవాళ్లు కూలీలు.

పుల్ల ఐసు కథ వేరు. 1905లో అమెరికాలో ఫ్రాంక్ ఎప్పర్సన్ అనే పదకొండేళ్ల పిల్లాడు సోడా పొడి కలిపిన నీళ్ల గ్లాసును కలిపే పుల్లతో సహా రాత్రంతా అరుగు మీద మరిచిపోయాడట. చలికి అది గడ్డకట్టింది. పుల్ల పట్టుకుని లాగితే ఐసు ఊడి వచ్చింది. పెద్దయ్యాక 1924లో దానికి పేటెంటు పొందాడు. పదకొండేళ్లంటే మన ఆరో తరగతి తమ్ముడి వయసు. గొప్ప ల్యాబు లేదు, యంత్రం లేదు. చూసింది వదిలిపెట్టకుండా ఆలోచించాడు, అంతే. మన తమ్ముళ్లకు అంత బుర్ర లేదంటారా?

మన హాస్టల్లో ఒక ఆదివారం

మాటలు చెప్పి ఊరుకోకూడదని, పోయిన మార్చిలో ఒక ఆదివారం మన హాస్టల్‌కు వచ్చాం. వార్డెన్ సారు అనుమతి ఇచ్చారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల తమ్ముళ్లు పన్నెండు మంది, వంట చేసే పెద్దమ్మ, మేము. కావలసినవన్నీ దగ్గరలో దొరికినవే. సోడా కొట్టు దగ్గర కొన్న ఐసు దిమ్మ ఆరు కిలోలు, రాళ్ల ఉప్పు రెండు కిలోలు, రెండు బకెట్లు, ఒక గోనె సంచి, మెస్సులో నీళ్లు తాగే స్టీలు గ్లాసులు.

ఉప్పు ఎందుకని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. మామూలు ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని మధ్య పండ్ల రసం పెడితే చల్లబడుతుంది తప్ప గడ్డకట్టదు. ఎందుకంటే రసంలో తీపి ఉంది, తీపి ఉన్న నీరు సున్నా కంటే కిందికి వెళ్తేగాని గట్టిపడదు. ఐసులో ఉప్పు కలిపితే ఐసు ఇంకా తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కరగడం మొదలుపెడుతుంది. కరగడానికి కావలసిన వేడిని చుట్టుపక్కల నుంచి, అంటే మన గ్లాసులోని రసం నుంచి లాక్కుంటుంది. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల వేడి కావాలని పదో తరగతి సైన్సులో బట్టీ పట్టాం కదా, ద్రవీభవన గుప్తోష్ణం అని! అదే ఇది. మూడు వంతుల ఐసుకు ఒక వంతు ఉప్పు కలిపితే మైనస్ పది డిగ్రీల కిందికి సులువుగా దిగుతుంది. కుండ కుల్ఫీ అమ్మేవాళ్లు చదవకుండానే చేసే పని ఇదే.

మొదటి విడత పుచ్చకాయ రసం. తీపి ఏమీ వేయలేదు. రాయిలా గట్టిపడింది. కొరికితే పళ్లు జివ్వుమన్నాయి. పుచ్చకాయలో నీళ్లెక్కువ, తీపి తక్కువ. రెండో విడత అరటిపండుకు తమ్ముళ్లు పోటీపడి బెల్లం దంచి పోశారు. రెండు గంటలైనా గట్టిపడలేదు, పాయసంలా ఉండిపోయింది. అయినా తాగేశారు, అది వేరే సంగతి. మూడో విడత బొప్పాయి. ఈసారి కొలత పెట్టి చేశాం. కుదిరింది. పెద్దమ్మ ఒక ముక్క కొరికి "ఇది మందులా లేదు, పండులా ఉంది" అంది. అంతకంటే సర్టిఫికెట్ మాకు అక్కర్లేదు.

ఆ కొలత ఇది. బాగా మగ్గిన బొప్పాయి గుజ్జు ఒక కిలో. కాచి చల్లార్చిన నీళ్లు అర లీటరు. పంచదార గాని బెల్లం గాని 150 గ్రాములు. రెండు నిమ్మకాయల రసం. చిటికెడు ఉప్పు. నాలుక చల్లబడితే తీపి తక్కువగా తెలుస్తుంది, అందుకని రసం తాగేటప్పుడు ఉండే తీపి కంటే ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. బెల్లమైతే నీళ్లలో కరిగించి, కాచి, వడకట్టాలి. అందులో ఇసుక, నలకలు ఉంటాయి. అన్నీ కలిపి గ్లాసులో సగం వరకే పోయాలి. నిండా పోస్తే రెండు నష్టాలు. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, పొర్లిపోతుంది. పైగా లావుగా ఉన్నది త్వరగా గట్టిపడదు.

బకెట్ అడుగున ఐసు ముక్కలు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి, గ్లాసులు నిలబెట్టి, చుట్టూ మళ్లీ ఐసు, ఉప్పు కూరాలి. గ్లాసు మూతికి రెండు వేళ్ల కిందే ఆపాలి. ఉప్పు నీళ్లు లోపల పడ్డాయంటే ఆ గ్లాసు పోయినట్టే. మూతలు పెట్టి, తడి గోనె సంచి కప్పి నీడలో ఉంచాలి. ముప్పావు గంటకు చూస్తే అంచులు గట్టిపడి, నడుమ మెత్తగా ఉంటుంది. అప్పుడు పుల్ల గుచ్చితే నిలబడుతుంది. మొత్తం రెండు గంటలు పడుతుంది. తీసేటప్పుడు గ్లాసును మామూలు నీళ్లలో పది లెక్కపెట్టేదాకా ముంచితే ఊడి వస్తుంది.

పుల్ల దగ్గర జాగ్రత్త. చిన్నప్పుడు మేము చీపురు పుల్లలు గుచ్చుకున్నాం. అది తప్పు. కొత్త చెక్క పుల్లలు కొని, వేడినీళ్లలో కడిగి వాడాలి. లేదా మెస్సు చెంచానే గుచ్చండి, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఉప్పు కలిపిన ఐసును వట్టి చేత్తో ఎక్కువసేపు పట్టుకోవద్దు, చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. మిగిలిన ఉప్పు నీళ్లు మొక్కలకు పోయవద్దు. పళ్లెంలో ఎండబెడితే ఉప్పు మళ్లీ చేతికొస్తుంది, ఇంకోసారి ఐసుకు వాడుకోవచ్చు.

ఏ కాలానికి ఆ పండు

ఏ కాలంలో దొరికే పండుతో ఆ ఐసు చేసుకోవచ్చు. ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి బొప్పాయి, సపోటా, ద్రాక్ష, పుచ్చకాయ దొరుకుతాయి. శ్రీరామనవమి నాటి పానకం ఉందే, బెల్లం, మిరియాలు, ఏలకులు వేసింది, దాన్ని గడ్డకట్టించి చూడండి. ఏప్రిల్ చివర సెలవులకు ఇంటికెళ్లాక మామిడి. కాలేజీ హాస్టళ్ల మిత్రులకు జూన్‌లో నేరేడు. నాలుక ఊదారంగు అవుతుంది, ఆ రంగు పండుది. శీతాకాలంలో జామ గుజ్జు గింజలు వడకట్టి, ఉప్పూ కారం చల్లి చేస్తే ఆ రుచే వేరు.

ముఖ్యంగా అరటిపండు. మన మెస్సుకు గెలలు ఒకేసారి వస్తాయి. రెండు రోజుల్లో తొక్క మీద నల్ల మచ్చలు పడతాయి. పిల్లలు ముట్టరు. చెత్తకుండీ పాలవుతాయి. ఆ మచ్చల పండే ఎక్కువ తియ్యన. కాయలో ఉన్న పిండి పదార్థం మగ్గేకొద్దీ చక్కెరగా మారుతుంది. నాలుగు పళ్లకు ఒక గ్లాసు కాచి చల్లార్చిన పాలు చేర్చి మెదిపితే వేరే తీపి అక్కర్లేదు, వెన్నలా గడ్డకడుతుంది. కానీ మచ్చ పడ్డ పండు వేరు, కుళ్లిన పండు వేరు. పులిసిన వాసన వచ్చినా, బూజు కనిపించినా పారేయాల్సిందే. పొదుపు పేరుతో కుళ్లింది పెట్టమని మేము చెప్పడం లేదు.

శుభ్రత గురించి నాలుగే మాటలు. నీళ్లు కళపెళ కాగాలి. చేతులు సబ్బుతో కడగాలి. పండు కోయకముందే తొక్కతో సహా కడగాలి. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించకూడదు. ఈ నాలుగు పాటిస్తే చాలా రోగాలు గేటు బయటే ఆగుతాయి.

అడిగేవాళ్లకు మా జవాబు

ఐసు తింటే జలుబు చేస్తుందని పెద్దలు అంటారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఐసు వల్ల కాదు. అయితే గొంతు నొప్పి, దగ్గు ఉన్నవాళ్లు తగ్గేదాకా ఆగితే మంచిది.

పండు నేరుగా తినడం మేలు కదా అని కొందరు సార్లు అడిగారు. నిజమే, ఒప్పుకుంటాం. పండులో పీచు ఉంటుంది, నమిలి తింటాం, అదనంగా చక్కెర పడదు. కొరికి తినదగ్గ పండును ఐసు చేయమని మేము అనడం లేదు. మిగిలిపోయే పండుకు, మండే ఎండకు ఇది ఒక ఉపాయం. రోజూ తినే తిండి కాదు, ఆదివారం సరదా.

మెస్సు చార్జీలే చాలడం లేదు, ఇదెక్కడి ఖర్చని అంటారు. పారేసే పండుకు కొత్తగా ఖర్చు లేదు. కావలసింది ఐసు దిమ్మ, ఉప్పు, పుల్లలు. నెలకు ఒక్కసారి చేసినా చాలు. సైన్సు ప్రాక్టికల్ అనుకుంటే ఇంకా చవక. నీళ్ల స్థితులు, ఘనీభవన స్థానం, ద్రావణాలు, సూక్ష్మజీవులు, ఇన్ని పాఠాలు ఒక బకెట్లో ఉన్నాయి.

అన్నిటికంటే గట్టి ప్రశ్న మా నాన్నే వేశాడు. "మీరంతా ఇంట్లో చేసుకుంటే సైకిలు మీద అమ్ముకునేవాడు ఏం తినాలి?" అన్నాడు. ఆలోచించాం. మా జవాబు ఇది. అమ్మేవాడికి మనం శత్రువులం కాదు. అతనికి ఇన్నాళ్లూ తెలియనివ్వనిది తెలియజేయాలి. కిటికీ దగ్గర చెయ్యి చాపి తీసుకునేవాడు, సొంతంగా చేసి అమ్మే స్థితికి రావాలి. చిన్న ఆహార పరిశ్రమలకు సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2020లో ఒక పథకమే తెచ్చింది, అర్హమైన ఖర్చులో 35 శాతం దాకా సబ్సిడీ అన్నారు. ఇలాంటి కాగితాలు మన ఇళ్లకు చేరవు. చదివి, అర్థం చేసుకుని, మనవాళ్లకు చెప్పాల్సింది మనమే. ఆహార భద్రతా చట్టం, 2006 ప్రకారం చిన్న వ్యాపారి కూడా పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఫారం నింపడం మనకు ఎంత పని?

కొనేటప్పుడు కూడా కళ్లు తెరిచి కొందాం. మన దేశంలో ఆహారంలో కలపడానికి 8 కృత్రిమ రంగులకే అనుమతి ఉంది, వాటికీ పరిమితి ఉంది. బట్టల రంగు రోడమిన్-బి దొరికిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం రంగు పీచు మిఠాయి అమ్మకాన్నే ఆపేసింది. ఇక ఐసు దిమ్మల్లో చేపలు దాచడానికి చేసేవి ఉంటాయి. అవి తినడానికి కావు. తినకూడని ఐసులో నీలం రంగు కలపాలని 2018లో ఆహార భద్రతా సంస్థ చెప్పింది. రంగు లేదు కదా అని ప్రతి దిమ్మనూ నమ్మలేం. మన బకెట్లో దిమ్మ గ్లాసుకు బయటే ఉంటుంది, నోట్లోకి వెళ్లదు. అందుకే ఈ పద్ధతి మేలు. చెరకు రసంలో, సోడాలో వేసే ఐసు గురించి మాత్రం అడగండి. "అన్నా, ఈ ఐసు ఏ నీళ్లది?" అని మర్యాదగా అడిగితే తప్పు లేదు. పదిమంది అడిగితే అతను ఫ్యాక్టరీని అడుగుతాడు.

మా కోరిక

హాస్టల్లో చదివే మనకు ఒక అలవాటు ఉంది. పెట్టింది తింటాం, బాగోకపోతే గొణుక్కుంటాం. అడగడం తక్కువ, చేసి చూడటం ఇంకా తక్కువ. మనవాళ్లు తరతరాలుగా పండు కోశారు, ఐసు మోశారు, పెట్టె తొక్కారు. రోగం వస్తే నింద కూడా మోశారు. మనం చదువుకున్నది మార్కుల మెమోలో దాచుకోవడానికి కాదు. ఆ నిందకు జవాబు చెప్పే తెలివి మన తర్వాతి పిల్లలకు ఆరో తరగతిలోనే రావాలి.

అందుకని వార్డెన్ సారుకు, తమ్ముళ్లకు మా విన్నపం. వచ్చే వార్షికోత్సవానికి అతిథులకు కూల్ డ్రింకు సీసాలు కొనవద్దు. ముందు రోజు నుంచే పెద్ద డ్రమ్ములో నీళ్లు కాచి చల్లార్చుదాం. ఒక్కో తరగతికి ఒక్కో పండు పంచుదాం. ఒక పలక మీద ఏ పండు, ఏ నీళ్లు, ఎంత తీపి అని రాసి పెడదాం. ఆ పలక ఐసు కంటే ముఖ్యం. తినేవాళ్లకు తాము ఏం తింటున్నారో తెలియాలి.

ఈ సంగతి ఇంట్లో చెబితే మా నాన్న చూరు కింద నుంచి పాత పెట్టె తీసి దులిపాడు. లోపల చెక్క పుచ్చిపోయింది, మూత మాత్రం బాగుందట. పెట్టె బాగుచేయించి తానే తెస్తానన్నాడు. నీళ్లు ఎవరు కాచారో ముందు తనకు చెప్పాలనీ, చెబితేనే పెట్టెలో పెట్టనిస్తాననీ కూడా అన్నాడు. ఆ పెట్టె నింపే పని మనది తమ్ముళ్లూ.

— ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి